మలూదా రెజ్యుమే ఎలా చదవాలి?

ఉద్యోగాలు తరచూ మారేవాణ్ని ఇంట్లో పెద్దవాళ్లు నిలకడ లేనివాడంటారు. మాదాపూర్‌లో అడిగితే ఒకే కంపెనీలో అయిదేళ్లున్నవాడే అమాయకుడు. హైక్ కావాలంటే మారాల్సిందేనన్నది అక్కడి మాట. ఇద్దరూ చూసేది ఎన్నిసార్లు మారాడన్నదే. ఆ లెక్క ఎంత పైపైదో తెలియాలంటే, మారక తప్పని వృత్తిలో ఉన్నవాళ్ల రికార్డు చూడాలి. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ ఫ్లోరాం మలూదా అందుకు సరైన ఉదాహరణ. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో 1980లో పుట్టాడు. ఫ్రాన్స్, ఇంగ్లండ్, టర్కీ, ఈజిప్ట్, లక్సెంబర్గ్ లీగుల్లో ఆడాడు. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లోనూ 2015, 2016 సీజన్లలో ఢిల్లీ డైనమోస్‌కి ఆడాడు. మొత్తం తొమ్మిది క్లబ్బులు. ఇలాంటి రెజ్యుమే చేతికొస్తే ఏ హెచ్ఆర్ అయినా ముందు అడిగేది ఇన్నిసార్లు ఎందుకు మారారనే.

పేర్ల పక్కన సంవత్సరాలు పెట్టి చూస్తే కథ మారిపోతుంది. షాతోరూలో నాలుగేళ్లు, గ్యాంగాంలో మూడేళ్లు, లియోన్‌లో నాలుగు, చెల్సీలో ఆరు. అంటే 1996 నుంచి 2013 దాకా పదిహేడేళ్లలో నాలుగే క్లబ్బులు. మిగతా అయిదూ ముప్పై మూడేళ్లు దాటాక వచ్చినవి. పైగా గబుక్కున పెద్ద పేరున్న చోటికి దూకలేదు. గ్యాంగాం ఏడు వేల జనాభా ఉన్న చిన్న పట్నం. అక్కడ ఫ్రాన్స్ మొదటి డివిజన్ ఆట ఒంటబట్టాకే 2003లో లియోన్‌కి వెళ్లాడు. అక్కడున్న నాలుగు సీజన్లూ లియోనే లీగ్ విజేత. 2007లో ఫ్రెంచ్ లీగ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాక చెల్సీలో చేరాడు.

ఉద్యోగం మారాలని ఊగిసలాడేవాళ్లు శ్రద్ధగా చూడాల్సింది ఆ చెల్సీ రోజుల్నే. 2007 వేసవిలో అతన్ని తీసుకున్నప్పుడు కోచ్ మొరీన్యో. సెప్టెంబరుకల్లా ఆయన వెళ్లిపోయాడు. తర్వాత గ్రాంట్, ఆయన తర్వాత స్కొలారి, మధ్యలో కొన్ని నెలలు హిడింక్, 2009లో ఆంచెలోటి. రెండేళ్లలో అయిదుగురు బాసులన్నమాట. మొదటి సీజన్‌లో మలూదా కుదురుకోలేకపోయాడు. ఇంగ్లండ్ ఆట వేగానికి పనికిరాడన్నవాళ్లూ ఉన్నారు. 'తీసుకున్న మేనేజరే లేడు, ఇక నేనెందుకు' అని మనలో చాలామంది పేపర్లు పెట్టేసే సమయం అది. అతను ఉండిపోయాడు. 2009-10లో చెల్సీ లీగ్ గెలిచింది. ఆ మరుసటి సీజన్‌లో 13 లీగ్ గోల్స్‌తో క్లబ్‌లో అందరికంటే ముందున్నాడు. బాస్ నచ్చకపోవడం ఒకటి, పని నేర్చుకోవడం అయిపోవడం మరొకటి. రాజీనామా రాసే ముందు ఈ రెంటినీ వేరు చేసి చూసుకోవాలన్నదే నా వాదన.

చేరిన చోట నేర్చుకున్నదానికి విలువ ఉంటుందన్న సంగతిని ఫుట్‌బాల్ రూపాయల్లో లెక్క కట్టి మరీ చెబుతుంది. ఒక ఆటగాడు కాంట్రాక్టు ఉండగానే డబ్బు చెల్లింపు మీద మరో దేశపు క్లబ్‌కి మారితే, ఆ మొత్తంలో 5 శాతాన్ని అతనికి 12 ఏళ్ల వయసు నుంచి 23 ఏళ్ల దాకా శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలన్నది ఫిఫా నిబంధన. అందులోనూ 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కో సంవత్సరానికి వచ్చే వాటా కంటే 16 నుంచి 23 మధ్య ఒక్కో సంవత్సరం వాటా రెట్టింపు. మలూదా విషయంలో ఆ పెద్ద వాటా ఏళ్లన్నీ షాతోరూ, గ్యాంగాంలలోనే గడిచాయి. డిగ్రీ అవగానే పెద్ద బ్రాండు కోసం ఏళ్లు కాచుకు కూర్చునేవాళ్లు ఈ నిబంధనను ఒకసారి తీరిగ్గా చదవాలి. కెరీర్‌లో ఎక్కువ ధర పలికే సంవత్సరాలు పెద్దగా పేరులేని చోట గడవొచ్చు, అక్కడ నిజంగా పని నేర్పితే.

ఆటగాళ్ల సంగతి వేరు, వాళ్లకు కాంట్రాక్టు ఉంటుంది, మనకెక్కడిది అనొచ్చు. కాంట్రాక్టు ముగిశాక నచ్చిన చోటికి వెళ్లే స్వేచ్ఛ వాళ్లకూ ఊరికే రాలేదు. బెల్జియం మిడ్‌ఫీల్డర్ జాన్-మార్క్ బోస్మన్ 1990లో కాంట్రాక్టు ముగిసినా పాత క్లబ్ వదలకపోవడంతో కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరులో యూరోపియన్ కోర్టు అతని వైపు తీర్పిచ్చేసరికి అతని ఆట ముగింపుకొచ్చేసింది. ఫలితం తర్వాతి తరం అనుభవించింది. అంత స్వేచ్ఛ వచ్చాక కూడా ఫిఫా పెట్టిన హద్దులున్నాయి. ఒక ఆటగాడు ఒక సీజన్‌లో మూడు క్లబ్బులకు మించి రిజిస్టర్ కాకూడదు, ఆడేది మామూలుగా రెండింటికే. 28 ఏళ్లలోపు సంతకం చేసినవాడు మొదటి మూడేళ్లలో సరైన కారణం లేకుండా కాంట్రాక్టు తెంచుకుంటే కనీసం నాలుగు నెలలు ఆటకు దూరం కావాలి. నోటీస్ పీరియడ్ ఎగ్గొట్టి, రిలీవింగ్ లెటర్ లేకుండా వెళ్లిపోయేవాళ్లకు ఇది కొత్త నీతేమీ కాకపోవచ్చు.

మరీ ప్రతిభావంతుడి ఉదాహరణ ఎందుకన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. ఫ్రాన్స్‌కి 80 మ్యాచ్‌లు ఆడినవాడితో మనకు పోలికేంటి? ప్రతిభలో పోలిక లేదు, నిజమే. కానీ అంత ప్రతిభ ఉన్నవాడే ఒక్కో మెట్టు మీద మూడేళ్లు, నాలుగేళ్లు నిలబడ్డాడంటే, మిగతావాళ్లకు ఆ అవసరం ఎక్కువే కాని తక్కువ కాదు.

అలాగని ఒకేచోట ఉండిపోతే క్షేమమని నేననడం లేదు. చెల్సీలో 2012-13 సీజనంతా మలూదాకు ఒక్క మ్యాచ్ దక్కలేదు. జీతం వస్తూనే ఉంది, ప్రాక్టీసు మాత్రం కుర్రాళ్లతో. ఆ ఒక్క ఏడాది ఎక్కువైంది. జీతం ఆగలేదు కదా అని పని ఆగిపోయిన సీటులో కూర్చునేవాళ్లు మన ఆఫీసుల్లోనూ కనబడతారు. అసలు మనం కదలకపోయినా సంస్థే కదలొచ్చు. మలూదా ఆడిన ఢిల్లీ డైనమోస్ 2019లో భువనేశ్వర్‌కి తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. మారినంత మాత్రాన పేరు పోదు కూడా. మన హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్లిన ఫుట్‌బాలర్ మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. ఊరు వదిలి వెళ్లాడని, బద్ధశత్రువుల్లాంటి క్లబ్బుల మధ్య మారాడని ఆయన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. 1980లో అర్జున అవార్డు వచ్చింది.

చివరగా కాగితాల మాట. 2017 జూన్‌లో మలూదా కరీబియన్ కప్‌లో సొంతగడ్డ ఫ్రెంచ్ గయానా తరఫున ఆడాడు, ఎవరూ అడ్డు చెప్పలేదు. జులైలో గోల్డ్ కప్‌లో హోండురాస్ మీద అదే చొక్కాతో దిగితే, అంతకుముందు ఫ్రాన్స్‌కి ఆడినవాడు ఈ టోర్నీకి అర్హుడు కాడన్నారు. 0-0గా ముగిసిన మ్యాచ్‌ను 3-0తో హోండురాస్‌కి ఇచ్చేశారు. పాతచోట చెల్లిన నిబంధన కొత్తచోట చెల్లుతుందని అనుకోకండి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, పోటీ సంస్థలో చేరకూడదన్న షరతేమైనా ఉందో మీరే చదువుకోండి. అర్థం కాకపోతే హెచ్ఆర్‌ని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.