వగరులోని మేలు

ఉద్దేశం

పండ్లలో, ధాన్యాలలో ఉండే సహజ పదార్థాలకూ రక్తంలోని చక్కెరకూ గల సంబంధాన్ని తెలపడం, వాటి మేలునూ పరిమితినీ విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మృగశిర కార్తె ప్రవేశించగానే అనంతపురం సీమలో రైతు మబ్బుల కోసం ఆకాశం వైపు చూస్తాడు. ఆ రోజులలోనే చెరువు గట్ల మీద, వంకల ఒడ్డున నేరేడు పండ్లు రాలుతాయి. బడిపిల్లలు వాటిని ఏరుకొని తిని, నాలుకలు చాచి, ఎవరి నాలుక ఎక్కువ నల్లబడిందో చూసుకొని నవ్వుకుంటారు. నాలుకకు అంటిన ఆ ఊదారంగు, నోటిని పట్టివేసే ఆ వగరు రంగు, రుచి మాత్రమే కావు. నేడు అనేక దేశాల శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్న ఒక పదార్థ సముదాయానికి అవి గుర్తులు. ఆ సముదాయం పేరు పాలీఫినాల్స్.

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను దాటి వచ్చేసరికి తేమను చాలావరకు కోల్పోతాయి. ఈశాన్య ఋతుపవనాలు సముద్రతీరం నుండి ఇంత దూరం చేరేసరికి బలహీనపడతాయి. అందువల్ల ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ జిల్లా నుండి 2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. ఇంత తక్కువ వానతో బతకగల రాగి, జొన్న, కొర్ర, సజ్జలనే ఇక్కడి పూర్వులు ఆహారంగా చేసుకున్నారు. రాగి సంగటి, జొన్నరొట్టె వారి నిత్యభోజనం.

కాలక్రమంలో వేరుశనగ వాణిజ్యపంటగా చేలను ఆక్రమించింది. 1983లో ప్రారంభమైన రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పేదల ఇళ్లలో పొయ్యి వెలిగించింది. పండుగనాటి వరి అన్నం ప్రతిదిన భోజనమైంది. ఆకలి తీరడం గొప్ప మేలే. కాని పళ్లెం నిండా తెల్లని అన్నం, దానికి తోడు తగ్గిన శరీరశ్రమ మరొక చిక్కును తెచ్చిపెట్టాయి. ఒకప్పుడు పట్టణాలలోని సంపన్నుల వ్యాధిగా పేరొందిన మధుమేహం పల్లెలకూ చేరింది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపలో నిలిచి ఉన్నారు.

ఈ గడపనే వైద్యులు 'మధుమేహ పూర్వస్థితి' అంటారు. పరగడుపున తీసిన డెసిలీటరు రక్తంలో చక్కెర 100 నుండి 125 మిల్లీగ్రాముల వరకు ఉంటే దానిని పూర్వస్థితిగా అనేక దేశాల వైద్యులు లెక్కిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110 నుండి లెక్కిస్తుంది. 126, అంతకు మించితే అది మధుమేహం. పూర్వస్థితిలో ఉన్నవారికి సాధారణంగా ఏ బాధా తెలియదు. పొలంపని సాగుతూనే ఉంటుంది. అదే ఇందులోని ప్రమాదం. అయితే ఈ దశలో వెనుకకు మరలే అవకాశం కూడా ఉంది. అదే ఇందులోని ఆశ.

తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని జీర్ణవ్యవస్థలోని ఎంజైములు గ్లూకోజుగా విడగొడతాయి. గ్లూకోజు రక్తంలో చేరగానే క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. ఇన్సులిన్ కణాల తలుపు తట్టి గ్లూకోజును లోనికి పంపుతుంది. పూర్వస్థితిలో ఆ పిలుపునకు కణాలు సరిగా పలకవు. క్లోమం మరింత శ్రమించి మరింత ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. అది అలసిపోయిన నాడు చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది.

పాలీఫినాల్స్ ఇక్కడ ఏం చేస్తాయి? పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైముల వేగాన్ని అవి కొంత తగ్గించగలవని ప్రయోగశాలలలో తేలింది. మధుమేహానికి వాడే అకార్బోజ్ అనే మందు పనిచేసే తీరు కూడా ఇదే. మరికొన్ని పాలీఫినాల్స్ ఇన్సులిన్ పిలుపునకు కణాలు స్పందించే గుణాన్ని పెంచవచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తిన్న పాలీఫినాల్స్‌లో రక్తంలో చేరేది కొద్దిభాగమే. మిగిలినది పెద్దప్రేగును చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల వేరు పదార్థాలుగా మారుతుంది.

నేరేడు పండుకు ఊదారంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. ఇవి పాలీఫినాల్స్‌లో ఒక తెగ. అమెరికాలో విరివిగా పండే బ్లూబెర్రీకి నీలిరంగునిచ్చేవీ ఇవే. 2010లో ఆ దేశపు లూసియానా రాష్ట్రంలోని శాస్త్రజ్ఞులు, స్థూలకాయులై ఇన్సులిన్‌కు సరిగా స్పందించని 32 మందిపై ఒక పరీక్ష జరిపారు. బ్లూబెర్రీ పొడి కలిపిన పానీయాన్ని ఆరు వారాలు తాగినవారిలో ఆ స్పందన మెరుగుపడింది. అయితే పరీక్ష చిన్నది, కాలం స్వల్పం.

రాయలసీమలోనూ ఇటువంటి అన్వేషణ జరిగింది. శేషాచలం కొండలలో పెరిగే 'మొగి' చెట్టు నేరేడు జాతికి చెందినది. దాని గింజల రసం మధుమేహం గల ఎలుకలలో చక్కెరను తగ్గించినట్లు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో ప్రకటించారు. రాగిగింజ పైపొరలోని పాలీఫినాల్స్ పిండిని విడగొట్టే ఎంజైములను అడ్డగిస్తాయని 2009లో మైసూరు శాస్త్రజ్ఞులు చూపారు. కరవుసీమ తిండిలోనే ఈ వగరు దాగి ఉందన్నమాట.

నేరేడు గింజకు మధుమేహ చికిత్సలో పాత పేరు ఉంది. ఆయుర్వేద వైద్యులు దానిని వాడారు. 1921లో ఇన్సులిన్‌ను కనుగొనక పూర్వం ఐరోపా వైద్యులు కూడా ఆ గింజల పొడిని ప్రయోగించి చూశారు. కాని పేరు వేరు, రుజువు వేరు. బ్రెజిల్ దేశంలో నేరేడు ఆకుల కషాయాన్ని మధుమేహ రోగులు తాగే అలవాటు ఉంది. అక్కడి వైద్యులు దానిని శాస్త్రీయంగా పరీక్షించి, చక్కెర తగ్గలేదని 2006లో ప్రకటించారు. ఎలుకకు పనిచేసినది మనిషికి పనిచేయకపోవచ్చు. గింజకు ఉన్న గుణం ఆకుకు లేకపోవచ్చు.

ఈ భేదం తెలియకపోతే నష్టం చిన్నది కాదు. పరీక్షలో చక్కెర హెచ్చుగా కనబడిన రైతు, గింజల పొడి చాలునని నమ్మి మందు మానివేస్తే, ఆ మధ్యకాలంలో అతని కళ్లు, మూత్రపిండాలు, కాళ్లలోని నరాలు నిశ్శబ్దంగా దెబ్బతింటాయి. మందుతో పాటు వైద్యునికి తెలపకుండా పొడి కూడా తీసుకుంటే చక్కెర ఉండవలసిన దానికన్నా పడిపోవచ్చు. పండ్లరసంలో పంచదార కలిపి తాగితే మేలుకు బదులు కీడే మిగులుతుంది.

మరి నమ్మదగిన మార్గం ఏది? చెన్నై వైద్యులు పూర్వస్థితిలో ఉన్న 531 మందిని నాలుగు జట్లుగా చేసి మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు వెల్లడించారు. సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో నూటికి 55 మంది మధుమేహులయ్యారు. ఆహారాన్ని సరిదిద్దుకొని, నడక వంటి వ్యాయామం అలవరచుకున్నవారిలో ఆ సంఖ్య 39 మాత్రమే. ఏ ఒక్క పండూ ఈ పని చేయలేదు. నిత్యజీవితంలో వచ్చిన మార్పు చేసింది.

కనుక నేరేడును మందుసీసాలో కాక భోజనపు పళ్లెంలో చూడడం వివేకం. కాలానికి దొరికే గుప్పెడు పండ్లు, పూటకొక రాగి సంగటి ముద్ద, తగ్గించిన అన్నం, పెంచిన ఆకుకూరలు, పప్పులు, ప్రతిదినం అరగంట నడక మధుమేహపు గడప దాటకుండా ఆపగల సాధనాలు. వీటన్నిటికన్నా ముందు ముప్పై ఏళ్లు నిండినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. తన చక్కెర ఎంతో తెలిసిన మనిషికే నేరేడు వగరులోని మేలు పూర్తిగా దక్కుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

వర్షచ్ఛాయ = కొండల అడ్డు వల్ల వాన తక్కువగా పడే ప్రదేశం
సాలీనా = ప్రతి సంవత్సరం
పరగడుపు = ఏమీ తినక ముందటి స్థితి
స్థూలకాయులు = లావైన శరీరం గలవారు

ప్రశ్నలు

1. అనంతపురం సీమలో ఆహారపు అలవాట్లు ఎలా మారాయి?
2. మధుమేహ పూర్వస్థితిలో ఉన్న ప్రమాదం ఏది? ఆశ ఏది?
3. 'పేరు వేరు, రుజువు వేరు' అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.