పాత సర్వరు – ఫ్యాను వేగం

కొత్తగూడలో మే నెల వేడిమి 40 డిగ్రీలు దాటడం కద్దు. ఇంటి ఛాయాచిత్రాలను, పత్రాలను భద్రపరచిన పాత సర్వరుకు అది పరీక్షాకాలం. పలు పాత యంత్రాలలో ఫ్యాను వేగం ప్రాసెసరు వేడిని బట్టి మారుతుంది. ప్రాసెసరుకు పని లేనప్పుడు ఫ్యాను నెమ్మదిస్తుంది. ఎడతెగక తిరిగే హార్డ్ డిస్కులు మాత్రం వేడెక్కుతూనే ఉంటాయి.

2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించారు. కొత్తవాటిపై వేడి ప్రభావం అనుకున్నంత కనిపించలేదు. మూడేళ్లు దాటినవాటిలో మాత్రం అధికోష్ణత వల్ల చెడిపోయేవి పెరిగాయి. కనుక పాత సర్వరులో ఫ్యాను వేగాన్ని డిస్కు ఉష్ణోగ్రతకు ముడిపెట్టాలి.

వేగం సగమైతే ఫ్యానుకు కావలసిన విద్యుత్తు సుమారు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. రాత్రి చల్లబడినప్పుడు ఈ పొదుపు సాధ్యమే. అయితే గదిలోని గాలికంటె చల్లగా డిస్కును ఏ ఫ్యానూ ఉంచలేదు. దుమ్ము తుడవాలి, గాలి ఆడేచోట ఉంచాలి. ఎంత జాగ్రత్తపడినా ముఖ్యమైనవాటికి మరొక ప్రతి వేరుచోట ఉండవలసిందే.