మిర్చి రైతు పొడులే మిద్దె తోటకీ: ఖర్చు తగ్గించే చిట్కాలు

తుళ్లూరు, మందడం, పెనుమాక వైపు మా మిద్దెల మీద కోకోపీట్ సంచులు, మట్టి లేకుండా ఆకుకూరలు పెంచే పెయింటు డబ్బాలు పెరుగుతున్నాయి. 2015లో రాజధాని కోసం పొలాలు పూలింగుకి ఇచ్చిన ఇళ్లలో చేతులు ఊరికే ఉండవు కదండీ. అంతా బాగుంది గానీ, ఆన్‌లైన్లో ‘హైడ్రోపోనిక్ న్యూట్రియెంట్’ అంటూ రంగురంగుల సీసాలు తెప్పించుకుంటుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. అందులో ఉన్నవి మన మిర్చి రైతులు డ్రిప్పులో వదిలే ఉప్పులే, మిగతాది నీళ్లు. నేను వాడి చూసినవే చెబుతున్నా, రాసుకోండి.

1. సీసా వద్దు, పొడి కొనండి. నీళ్లకీ, రంగుకీ, కొరియరుకీ పోసే డబ్బు మిగులుతుంది.

2. ఆన్‌లైన్ కంటే ముందు మీ మండలంలోని ఎరువుల కొట్టుకి వెళ్లండి. మిర్చి పండే చోట నీటిలో కరిగే ఎరువులు కిలో పొట్లాల్లో దొరుకుతాయి, అక్కడ లేకపోతే గుంటూరు పట్నంబజారు ఎలాగూ ఉంది.

3. పొట్లం మీద టమాటా బొమ్మ కాదు, అంకెలు చూడండి. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పోషకాల శాతాలు అచ్చు వేయాల్సిందే, వేయని పొట్లం ఎంత చవకైనా వద్దు.

4. కొట్టుకి పట్టుకెళ్లే చీటీ ఇదీ: కాల్షియం నైట్రేట్, 13:0:45, 0:52:34, మెగ్నీషియం సల్ఫేట్. వీటికి తోడు చిన్న పొట్లం ఇనుము, చిన్న పొట్లం సూక్ష్మపోషకాలు. ఇంకేం అంటగట్టినా తీసుకోకండి.

5. ‘కాల్షియం’ అని సగం పేరు చెబితే కాల్షియం అమ్మోనియం నైట్రేట్ చేతిలో పెట్టొచ్చు, అది వేరే సరుకు. నత్రజని 15.5, కాల్షియం 18.8 శాతం అని ఉంటే అదే మనకి కావాల్సింది.

6. మూడు పందొమ్మిదులు, అదే 19:19:19, మట్టి కుండీలకి బంగారం. కోకోపీట్‌కి మాత్రం అదొక్కటే పోసి ఊరుకోకండి. అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు, నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపమే. యూరియాని మొక్క తినేలా మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నన్ని నీళ్ల డబ్బాలో ఎక్కడుంటాయి?

7. పొలానికి తెచ్చిన డీఏపీ, 28:28:0 గుళికలు మిగిలాయి కదా అని డబ్బాలో వేయకండి. పూర్తిగా కరగవు, సన్న గొట్టాలు మూసుకుపోతాయి.

8. జీవామృతం, పంచగవ్య మట్టికే పోయండి. నీళ్ల డబ్బాలో పోస్తే వాసనకి మీకంటే ముందు పక్కింటివాళ్లు మిద్దె ఎక్కుతారు.

9. కొత్త పొట్లం విప్పగానే అర చెంచా గ్లాసు నీళ్లలో వేసి తిప్పండి. 13:0:45 అయితే గ్లాసు బయట వేళ్లకి చల్లగా తగులుతుంది, అది దాని గుణమే. రెండు నిమిషాల్లో నీళ్లు తేటపడాలి. అడుగున ఇసుకలా మిగిలితే బిల్లు చూపించి వెనక్కిచ్చేయండి, అందుకే బిల్లు అడిగి తీసుకోండి.

10. మందుల షాపులో చిన్న డబ్బాలో అమ్మే ఎప్సమ్ సాల్టూ, ఎరువుల కొట్లో దొరికే మెగ్నీషియం సల్ఫేటూ ఒకటే. పత్తి ఆకు ఎర్రబడితే మనవాళ్లు లీటరుకి 10 గ్రాములు కలిపి కొట్టేది ఇదే, కిలో కొనేసుకోండి.

11. నాలుగు పొడుల్లో ఖరీదైంది 0:52:34. కానీ 10 లీటర్లకి 2 గ్రాములే పడుతుంది, అంటే కిలో 500 బకెట్లకి సరి. ఒక్క ఇంటికి అంత ఎందుకు? నలుగురు కలిసి కొని పావుకిలో చొప్పున పంచుకోండి.

12. ‘బస్తా తీసుకుంటే చవకమ్మా’ అన్నా లొంగకండి. మన ఉక్కలో, ముసురులో కాల్షియం నైట్రేట్ గాలి తగిలితే తేమ పీల్చి నీరుకారుతుంది. కిలో తెచ్చి బిగుతు మూత డబ్బాలో పోసుకోవడమే లాభం.

13. ఇనుము అంటే అన్నభేది కాదు, 12 శాతం ఈడీటీఏ ఇనుము అడగండి. మీ నీళ్ల పీహెచ్ 7 దాటుతుంటే 6 శాతం ఈడీడీహెచ్‌ఏ తీసుకోండి. ధర ఎక్కువే అయినా సున్నపు నీళ్లలో పనిచేసేది అదే.

14. సూక్ష్మపోషకాల పొట్లం కూడా ‘చీలేటెడ్’ అని ఉన్నదే కొనండి, 100 గ్రాములు చాలు. మామూలు సల్ఫేటు మిశ్రమం పొలానికి సరే గానీ, నీళ్ల డబ్బాలో అడుగున పేరుకుపోతుంది.

15. రెండు వస్తువుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు: గ్రాములు చూపించే చిన్న కాటా, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపించే టీడీఎస్ మీటరు. పొడికో బరువు కాబట్టి చెంచా కొలత నమ్మడానికి లేదు. ఎక్కువ పడితే మొక్కా పోతుంది, డబ్బూ పోతుంది.

16. ముందు మీ నీళ్లలో మీటరు ముంచండి. కృష్ణ నీళ్లయితే గొడవ తక్కువ. పల్నాడు, ప్రకాశం వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు కషాయమే, వాటిలో వాన నీళ్లో ఏసీ నుంచి కారే నీళ్లో సగానికి సగం కలపండి.

17. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు ఆదా అనుకుని మొక్కలకి పట్టకండి. మిషను తీసేసిన ఉప్పంతా ఉండేది వాటిలోనే. బాత్రూమ్ కడగడానికి వాడండి.

18. నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి పొర కడుతోందా? ఆ నీళ్లలో కాల్షియం ముందే ఉందన్నమాట, కాల్షియం నైట్రేట్ మూడో వంతు తగ్గించి వేయండి.

19. ఇక అసలు పని. రోజూ తూకాలు వేసే ఓపిక ఎవరికుంది? ఆదివారం ఒక్కసారి రెండు సీసాలు తయారుచేసి పెట్టుకోండి. ఎర్రమూత సీసాలో లీటరు నీళ్లకి 60 గ్రాముల కాల్షియం నైట్రేట్, 2 గ్రాముల ఈడీటీఏ ఇనుము.

20. నీలంమూత సీసాలో లీటరు నీళ్లకి 13:0:45 40 గ్రాములు, 0:52:34 20 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 40 గ్రాములు, సూక్ష్మపోషకాలు 2 గ్రాములు.

21. ఈ రెండు సీసాల మందూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి. కాల్షియం పోయి సల్ఫేటునీ భాస్వరాన్నీ పట్టుకుని మజ్జిగలా తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది, ఇక మొక్కకి అందదు. కొలత గ్లాసు కూడా మధ్యలో కడగండి.

22. బకెట్లో 10 లీటర్ల నీళ్లు నింపాక ఎర్రమూతది 100 మిల్లీలీటర్లు పోసి బాగా తిప్పి, ఆ తర్వాత నీలంమూతది 100 పోయండి. ఇది కాపు మీదున్న మిర్చి, టమాటా, వంగకి. ఆకుకూరలకి 70 చొప్పున, నారుకి 50 చొప్పున చాలు.

23. లెక్క చూడండి: పూర్తి మోతాదుకి కూడా బకెట్‌కి కాల్షియం నైట్రేట్ 6 గ్రాములే. కిలో పొట్లం 160 బకెట్లు దాటుతుంది. ఈ లెక్క చెప్పాక మా వీధిలో ఇక సీసా ఎవరూ కొనలేదు.

24. కలిపాక మళ్లీ మీటరు ముంచండి. పూర్తి మోతాదుకి మొదటి నీళ్ల అంకె మీద సుమారు 800 పెరగాలి. బాగా ఎక్కువ చూపిస్తే నీళ్లు కలపండి, తక్కువ చూపిస్తే తూకం సరిచూసుకోండి.

25. పీహెచ్ పట్టీలు అక్వేరియం షాపులో దొరుకుతాయి, 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే వేరు హాయిగా తింటుంది. పెరిగితే చిటికెడు నిమ్మఉప్పు దించుతుంది గానీ రెండు మూడు రోజులే, మళ్లీ చూసుకోవాలి.

26. సీసాలకి గుడ్డ చుట్టి నీడలో పెట్టండి, ఎండ వెలుతురుకి ఇనుము చెడిపోతుంది. పిల్లలున్న ఇంట్లో కూల్‌డ్రింకు సీసాలు అసలు వాడొద్దు.

27. పొడులు వంటింటి అలమరలో పెట్టనే వద్దు, ఒకటి ఉప్పులా, ఒకటి పంచదారలా కనబడతాయి. పైగా 13:0:45 అంటే టపాసుల్లో వేసే సూరేకారమే, పొయ్యికి దూరంగా పేరు రాసిన డబ్బాలో ఉండాలి.

28. అమెరికాలో ఉన్న పిల్లలు ‘మాస్టర్‌బ్లెండ్ ఎరువు పంపించమంటారా’ అని అడిగితే వద్దనండి. అక్కడ కూడా ఆ 4:18:38 పొడికి తోడు కాల్షియం నైట్రేట్, ఎప్సమ్ సాల్ట్ కలిపే పోస్తారు. ఆ మూడింటి పని మన చీటీలోని సరుకులు చేస్తాయి.

29. కోకోపీట్ దిమ్మె కొన్నాక ఉప్పు పరీక్ష చేయండి. గుప్పెడు నానబెట్టి పిండి, ఆ నీళ్లలో మీటరు పెట్టండి. అంకె బాగా ఎగబాకితే కడిగి వంచడం, మళ్లీ నింపడం తప్పదు. కడిగిన సరుకు రెండు రూపాయలు ఎక్కువైనా అదే కొంటే నీళ్లూ నడుమూ రెండూ మిగులుతాయి.

30. కడిగాక 5 కిలోల దిమ్మెకి 25 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున వంచేయండి. కొబ్బరి పొట్టు తనలో ఉన్న పొటాష్, సోడియం వదిలి కాల్షియం పట్టుకుంటుంది. ఈ పని ఎగ్గొడితే మీరు పోసే కాల్షియం ముందు పొట్టు తింటుంది, మొక్క తర్వాత.

31. పోసిన ప్రతిసారీ సంచి అడుగు నుంచి పదో వంతైనా కారాలి, లేకపోతే పొట్టులో ఉప్పు పేరుకుంటుంది. కారినవి పళ్లెంలో పట్టి కరివేపాకుకీ మందారానికీ పోయండి.

32. సంచి పైన తెల్లటి పొర కనబడితే ఆ రోజు ఉత్త నీళ్లు పుష్కలంగా పోయండి.

33. ఖాళీ పెయింటు డబ్బాకి బయట నల్లరంగు, దాని మీద తెల్లరంగు పూయండి. నల్లరంగుకి పాచి పట్టదు, తెల్లరంగుకి వేడెక్కదు. మూతకి చిల్లులు పెట్టి తోటకూర, బచ్చలి దించితే పంపు లేకుండానే వస్తాయి. నీళ్లు తగ్గేకొద్దీ అంచు దాకా నింపకండి, పై వేళ్లకి గాలి ఆడాలి.

34. మే నెలలో మందు సగానికి దించండి. ఆ ఎండల్లో మొక్క నీళ్లే ఎక్కువ తాగుతుంది, పొడి డబ్బాలో మిగిలి ఘాటెక్కి ఆకు అంచులు మాడతాయి. మొక్కలకి షేడ్ నెట్, మీకు పొడి ఆదా.

35. కొత్త ఆకు పసుపు, ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోటు. అదే పాత ఆకుల్లో కనబడితే మెగ్నీషియం. ఆ ఒక్కటే సరిచేయండి, అన్నీ పెంచకండి.

36. టమాటా అడుగు నల్లబడితే కాల్షియం అందలేదని. చాలాసార్లు కారణం పొడి కాదు, రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచడం. వేళకి నీళ్లు పడితే కొత్త కాయలు బాగుంటాయి.

37. మిర్చి ఆకు ముడుచుకుంటే పొడులు గుమ్మరించకండి, అది తామర పురుగో నల్లి పనో. 2021-22లో నల్ల తామర పురుగు మన మిర్చి రైతుల్ని ఎంత ఏడిపించిందో తెలుసుగా. నీలం రంగు జిగురు అట్టలు, వేపనూనె పిచికారీ చూడండి.

38. గోంగూరకి ఈ హడావిడి ఏదీ వద్దు. మట్టి కుండీలో గింజలు చల్లండి, పొడి మిగిలినట్టే.

39. మొదటిసారి నాలుగు సంచులు, రెండు డబ్బాలతో మొదలుపెట్టండి, అంతకు మించి సరుకు కొనకండి. కొట్టుకి వెళ్లేముందు కలిసొచ్చే ఇంకో మూడు ఇళ్లు చూసుకుని, 4వ నంబరు చీటీ రాసుకుని వెళ్లండి, నలుగురి సరుకూ ఒకే బిల్లు మీద అడిగితే బేరం కూడా కుదురుతుంది.