లోహం మీద పాచి

పొద్దున లేవగానే పళ్ళను నాలుకతో తడిమి చూడండి. జిగటగా ఒక పొర తగులుతుంది. దాన్నే పాచి అంటాం. ఎన్నిసార్లు పుక్కిలించినా పోదు. వేపపుల్లతోనో బ్రష్షుతోనో తోమవలసిందే. ఆ పొర నిండా బాక్టీరియాలే! ఇలాంటి పాచి మనిషి వెన్నులో పడితే?

మీ ఈడు పిల్లలలో కొందరికి వెన్నెముక పక్కకు వంకరపోతుంది. వంకర మరీ ఎక్కువైతే డాక్టర్లు ఆపరేషన్ చేసి, మరలు, లోహపు కడ్డీలు బిగించి నిలబెడతారు. ఆ సమయంలో చర్మం మీద కాపురముండే స్టాఫిలోకాకస్ వంటి బాక్టీరియాలు ఎప్పుడైనా లోపలికి జారుకోవచ్చు. కండలో అయితే రక్తంలోని తెల్లకణాలు వచ్చి వాటిని మింగివేస్తాయి. లోహంలో రక్తనాళాలు ఉండవు గదా! బాక్టీరియాలు దానికి అంటుకొని, జిగురు స్రవించి, అందులో దాక్కుంటాయి. ఈ పొరను బయోఫిల్మ్ అంటారు.

ఇప్పుడు ఆంటిబయాటిక్ ఇచ్చారనుకోండి. విడిగా తిరిగే బాక్టీరియాలు చస్తాయి. జ్వరం తగ్గుతుంది. మందు ఆపిన కొన్నాళ్ళకు మళ్ళీ మొదలు! జిగురు కొంత అడ్డమే, కాని అసలు కిటుకు వేరు. పెన్సిలిన్ జాతి మందులు బాక్టీరియా తన కణకవచం కట్టుకునే పనిని చెడగొడతాయి. పొర అడుగున ఉన్నవి తిండి, ఆక్సిజన్ చాలక పెరగటం మానివేసి మందకొడిగా పడివుంటాయి. గోడే కట్టనివాడి గోడను ఎలా చెడగొట్టగలం?

ఇక్కడ అక్కరకు వచ్చేది రిఫాంపిసిన్. క్షయ మందుగా దాని పేరు వినే ఉంటారు. మూత్రాన్ని నారింజ రంగుకు మార్చేది అదే. బాక్టీరియాలో ఆర్.ఎన్.ఎ. తయారుచేసే ఎంజైమును అది పట్టుకుంటుంది. మందకొడిగా ఉన్న స్టాఫిలోకాకస్ కూడా దానికి లొంగుతుంది. అయితే ఒంటరిగా ఇవ్వరాదు. ఆ ఎంజైము జన్యువులో ఒక్క మార్పు చాలు, మందు పారదు. కోట్ల బాక్టీరియాలలో అలాంటి మొండిఘటం ఒకటి ఉండనే ఉంటుంది! అందుకే మరో మందును జోడిస్తారు.

1998లో స్విట్జర్లాండు డాక్టర్లు తమ పరీక్ష ఫలితాలు ప్రకటించారు. ఆ రోగులకు లోహం ఉన్నది వెన్నులో కాదు, కీళ్ళలో, విరిగిన ఎముకలలో. పుండు శుభ్రం చేసి, నెలల తరబడి మందులిచ్చారు. చికిత్స పూర్తిచేసినవారిలో, రిఫాంపిసిన్ లేకుండా సిప్రోఫ్లాక్సాసిన్ వాడిన 12 మందిలో 7గురికి నయమైంది. రెండూ కలిపి వాడిన 12 మందికీ నయమైంది! చిన్న పరీక్షే, కాని తేడా చూశారా?

వెన్ను విషయంలో ఒక చిక్కుంది. ఆపరేషన్ అయిన కొద్ది వారాలలోనే చీము పడితే కడ్డీలు తీయటానికి సాధారణంగా వీలుండదు. ఎముకలు ఇంకా అతుక్కోలేదు. మళ్ళీ కోసి, కడిగి, కడ్డీలు ఉంచి, వారాలు, నెలలు మందులు వాడతారు. కొన్నిసార్లు ఏళ్ళ తరువాత బయటపడుతుంది. మీ మొటిమలతో సంబంధమున్న బాక్టీరియాయే అప్పుడు తరచు దొరికే దొంగ. అది మహా నిదానం. దాన్ని పట్టటానికి ప్రయోగశాలలో నమూనాను 14 రోజుల దాకా పెంచి చూస్తారు. అప్పటికి ఎముకలు అతుక్కుని ఉంటే కడ్డీలు తీసివేయవచ్చు. వాటితోపాటే పాచీ బయటికి వస్తుంది.