నూరు దేనారముల ఋణము

మనము దినదినము చెప్పుకొను ప్రభువు ప్రార్థన మత్తయి సువార్తలో “ఋణము” అను మాటతో వ్రాయబడియున్నది. క్షమాపణ యననేమో తెలిసికొనగోరువారు ఈ మాటయొద్ద కొంచెము నిలువవలెను.

అదే సువార్త 18వ అధ్యాయములో, సహోదరుని ఎన్ని మారులు క్షమింపవలెనని పేతురు లెక్క యడుగగా, ప్రభువు వేఱొక లెక్కను జూపెను. ఒక రాజు తన దాసునికి 10,000 తలాంతుల ఋణమును విడిచిపెట్టెను. ఆ దాసుడు వెలుపలికి పోయి, తనకు 100 దేనారములు అచ్చియున్న తోడిదాసుని గొంతు పట్టుకొనెను. దేనారము కూలివానికి ఒక దినపు జీతము. తలాంతు సుమారు 6,000 దేనారములు. కావున రాజు విడిచినది 6 కోట్ల దినముల కూలి. ఏటికి 300 దినములు పాటుపడినను, తీర్చుటకు 2 లక్షల సంవత్సరములు పట్టును. నల్లబల్లమీద ఈ లెక్క వేసినప్పుడెల్ల పిల్లలు నవ్వుదురు.

అయితే బోధకులు తఱచుగా దాటిపోవు సంగతి యొకటి కలదు. 100 దేనారములును అల్పమైన సొమ్ము కాదు. మూడు నెలలకు పైబడిన కూలి. పేదయింట బిడ్డల గ్రాసము. మనకు జరిగిన అన్యాయము చిన్నదని ప్రభువు చెప్పలేదు.

1999 జనవరి 22వ తేది రాత్రి, ఒరిస్సాలోని మనోహర్‌పూర్ గ్రామమున, కుష్ఠరోగుల సేవలో నుండిన గ్రాహాం స్టెయిన్సు దొరగారును, ఆయన కుమారులైన 10 ఏండ్ల ఫిలిప్పు, 6 ఏండ్ల తిమోతియు, తాము నిద్రించుచున్న బండిలోనే దహింపబడిరి. ఆయన భార్యయగు గ్లాడిస్ అమ్మగారు హంతకులను క్షమించితినని ప్రకటించిరి. ఇద్దఱు బిడ్డలను సమాధిచేసిన తల్లికి నష్టము అల్పమని యెవరు చెప్పగలరు? న్యాయస్థానములు తమ పనిని మానలేదు. ప్రధాన నేరస్థుని యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు స్థిరపఱచెను. ఆమె విడిచినది తన పగను మాత్రమే. విడిచి, మఱికొన్ని సంవత్సరములు ఆ రోగులనే సేవించుచుండిరి.

ఇంత గొప్ప సంగతి వెనుక తరగతిగది మాట చెప్పుటకు మాకు సంకోచముగానే యున్నది. ఒకప్పుడు ఇద్దఱు బాలురు పోట్లాడగా, ఒకని భూగోళ పుస్తకము చినిగెను. గంట కొట్టులోపల వ్యవహారము ముగియవలెనని తొందరపడి, నష్టము విచారింపకయే మేము వారిచేత చేతులు కలిపించితిమి. పుస్తకము పోయినవాడు చేయి కలిపి, వెంటనే ఆ చేతిని చొక్కాకు తుడుచుకొనెను. మేము చేయించినది క్షమాపణ కాదని అప్పుడు మాకు తెలిసెను.

మఱునాడు వారిని మరల పిలిచి, పోయిన పుటలు లెక్కింపుమంటిమి. పదునొకటి తేలెను. చించినవాడు రాత్రులు దీపమునొద్ద కూర్చుండి, మా పుస్తకము చూచి, ఒక్కొక్క పుటయే వ్రాసి తెచ్చుచుండెను. తొమ్మిదవ పుట తెచ్చిన దినమున రెండవవాడు దానిని అందుకొని, “చాలునురా, తక్కిన రెండు నేనే వ్రాసికొందును” అనెను.