అటక దింపుట

సంక్రాంతికి ముందు మన గృహములయందు జరుగు సందడిని చదువరులందరు నెరుగుదురు. గోడలకు వెల్ల వేయుదురు. అటకలపైనుండి సామగ్రిని దింపుదురు. సంవత్సరమంతయు కంటబడని వస్తువులు వాకిట గుట్టలుగా జేరును. విరిగిన మంచపుకోళ్లు, చివికిన చాపలు, పాత తడికలు భోగినాటి తెల్లవారుజామున మంటపాలగును. ఏటికొక్కమారైనను ఇల్లు తేలిక చేసికొనవలయునన్న ఈ యాచారము మంచిదే. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని సంవత్సరమంతయు ఏ వస్తువును విడువక కూడబెట్టి, ఒక్క తెల్లవారుజామున ఏది యెవరిదో విచారింపక పారవేయుట ఇల్లు చక్కబెట్టుట యనిపించుకొనునా? ఇరువది సంవత్సరములుగా న్యాయస్థానములలో మెలగుచున్న మేము ఇందువలని నష్టమును కొంత కన్నులార జూచితిమి.

ఇంత సామగ్రి యేల పోగగుచున్నది? "ఎప్పటికైనను పనికివచ్చును" అను నొక్క మాటయే దీనికి మూలము. కరవులను, లేమిని చూచిన మన పెద్దల నోట ఆ మాట తగియుండెను. రాగిబిందెకు మాటు వేయించి రెండు తరములు వాడుకొనిన కాలమది. నేడు అటక నెక్కునవి మాటుతో బాగుపడునవి కావు. తిరుగని పంఖా, మూగవోయిన రేడియో, పగిలిన ప్లాస్టిక్కు బకెట్టు, ఏ యంత్రమునకు చెందినవో యెవరికిని తెలియని తీగెల చుట్టలు, గడువు దాటిన మందుసీసాలు, పిల్లలు విడిచిన సెల్‌ఫోనులు. ఇంటి యజమాని "ఉండనిమ్ము" అని యొక్కమాట యని వెడలిపోవును. వాటి దుమ్ము దులుపుట, సందులలో తేళ్లను బొద్దింకలను వెదకుట, దింపి మరల నెక్కించుట స్త్రీల పాలగును. ఆ యొక్కమాట వెల యెంతయో యజమాని యెన్నడును లెక్కింపలేదు.

మా వృత్తిలో 'కాలదోషము' అను మాట కలదు. బాకీ న్యాయమైనదే యైనను, గడువు దాటిన వెనుక దావా వేసినచో న్యాయస్థానము కొట్టివేయును. వస్తువులకు సయితము అట్టి గడువు నొకదాని నేర్పరచుకొనుట మేలు. రెండు సంక్రాంతుల నడుమ ఎవరి చేతికిని రాని వస్తువు ఇల్లు విడువవచ్చును. అయితే అన్నియు మంటలో వేయదగినవి కావు. ప్లాస్టిక్కును, టైర్లను కాల్చినచో వచ్చు పొగ మంటచుట్టు చేరిన పసిపిల్లల ఊపిరితిత్తులకు చేటు. బ్యాటరీలు మంటలో పేలును. వీటిని సేకరించువారికి వేరుగా నీయవలెను. బట్టలన్ననో, ఉతికి, గుండీలు కుట్టి, కట్టుకొనుటకు తగియున్నవానినే యొరులకీయవలెను. చినిగినవి మసిగుడ్డలకు చాలును.

ఇక కాగితముల సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట నొక సోదరి మా యొద్దకు వచ్చినది. ఆమె బాల్యముననే భర్తను గోల్పోయి, పుట్టింట నుండి, మంచము పట్టిన తల్లికి తొమ్మిదేండ్లు సేవ చేసినది. ఇల్లు తల్లి స్వార్జితము. దానిని కూతురి పేర వీలునామా వ్రాసి, ఇద్దరు సాక్షులచే సంతకములు చేయించి, తల్లి తన పెట్టెలో పాతచీరల క్రింద దాచెను. తల్లి గతించిన పిమ్మట వచ్చిన భోగికి అన్నదమ్ములు ఇల్లు శుభ్రము చేసిరి. పెట్టెలోని పాతగుడ్డలు, వాటితోకూడ నున్న కాగితములు మంటలో బడినవి. వారిలో నెవరికిని దురుద్దేశము లేదనియే మా నమ్మకము. ఎవరును విప్పి చూడలేదు, అంతే. వీలునామాకు నకలు లేదు. సాక్షులలో నొకరు మరణించిరి. రెండవవారికి సంతకము చేసినది జ్ఞప్తియున్నది గాని, అందేమి వ్రాసియుండెనో తెలియదు. తుదకు ముగ్గురన్నదమ్ములతోపాటు ఆమెకు నాలుగవవంతు వచ్చినది. ఇల్లమ్మి పంచుకొనిరి. ఆమె యిప్పుడు అద్దెగదిలో నున్నది.

కాబట్టి ఏ పత్రమునకెంత విలువయో ఇంటివారెరుగవలయును. అడిగినంతనే చెల్లింపవలసిన ప్రామిసరీ నోటుకు 1963వ సంవత్సరపు లిమిటేషన్ చట్టముచొప్పున వ్రాసిన తేదీ మొదలు 3 సంవత్సరములే గడువు. గడువులోపల చెల్లు వ్రాయించుకొన్నచో అది మరల మొదలగును. తాతలనాటి నోట్లకట్టను ఆస్తియని తలచి దాచుట భ్రమ. రిజిస్టరైన విక్రయ దస్తావేజు చెదలపాలైనను, 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషన్ చట్టముననుసరించి సబ్‌రిజిస్ట్రారు కచేరీలో నకలు దొరకును. వీలునామాకు రిజిస్ట్రేషను నిర్బంధము కాదు. చేయింపనిచో ఆ కాగితము తప్ప వేరాధారము మిగులుట యరుదు. మరియు 30 ఏండ్లు నిండిన పత్రము తగినవారి వశమునుండి వచ్చినచో, అందలి చేవ్రాలు సరియైనదేయని న్యాయస్థానము భావింపవచ్చును. ఈ సూత్రము 1872 నాటి సాక్ష్య చట్టమున నుండెను. దాని స్థానమున 2024 జూలై 1 మొదలు అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను కలదు. పశువుల దాణాబస్తాలో దొరకిన దస్తావేజు తగిన వశముననే యుండెనని వాదించుట మావంటివారికెంత శ్రమయో చెప్పనలవికాదు!

బ్యాంకులో 10 సంవత్సరములు ఎవరును కదపని డిపాజిట్లు 2014లో రిజర్వుబ్యాంకు నెలకొల్పిన నిధికి జేరును. హక్కుదారులడిగినచో బ్యాంకు తిరిగి యిచ్చును. 2023 నుండి 'ఉద్గమ్' అను రిజర్వుబ్యాంకు జాలస్థలమున పేరునుబట్టి వెదకుటకును వీలు గలిగినది. కాని మగడు దాచినది గలదని యెన్నడును వినని యిల్లాలు వెదకనేల తలచును?

ఒక్కనాడే ఇల్లంతయు దింపుట మేము మెచ్చము. నాడొక పెట్టె, నాడొక అర చాలును. ఉదయము విప్పినది సాయంకాలమునకు సర్దుకొనవలెను. స్త్రీలెదుట లేక ఏ పెట్టెయు విప్పరాదు. ప్రతి కాగితమును రెండువైపుల చదివి, ఉంచదగినవానిని ఒక్క పెట్టెలో, గోడకును నేలకును తగులకుండ, నాలుగు కలరా ఉండలతో భద్రపరచి, వాటి పట్టికను ఇల్లాలిచేత వ్రాయింపవలెను.

ఇంత చెప్పిన మేము మా యింట చేసినదియు జెప్పవలసియున్నది. మా తల్లిగారి రేకు ట్రంకుపెట్టె రెండు కాదు, ఇరువది సంక్రాంతులు దాటినది. దాని నీయేడు పంపివేయుదమని మేమంటిమి. ఆమె మారు పలుకక మూత తీసెను. అందు మా తండ్రిగారి కండ్లజోళ్లును, ఆమె గాజులు తాకట్టుపెట్టిన రసీదును ఉన్నవి. రసీదు తేదీ చూడగా, అది మేము కళాశాలలో జేరిన మాసము. మా నియమముచొప్పున దానికెన్నడో కాలదోషము పట్టినది. మేమేమియు ననలేదు. పెట్టె పడమటింటిలోనే యున్నది. మా గృహపత్రములన్నియు నిప్పుడందే కలవు. పట్టికను మా తల్లిగారే మూతలోపల అంటించిరి.