టర్కీ పిల్లలలో లింగ నిర్ధారణ: ఏ వయస్సులో ఏ లక్షణాన్ని నమ్మవచ్చు?

పెరటిలో పెంచుకొనుటకు టర్కీ పిల్లలను కొనదలచిన రైతు విస్తరణ శాస్త్రవేత్తను మొదట అడిగేది “వీటిలో పుంజులెన్ని, పెట్టలెన్ని?” అనే. ఈ ప్రశ్నకు తొందరపడి ఇచ్చిన సమాధానంలోని తప్పు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. టర్కీ పెట్ట సుమారు 30 వారాల వయస్సులో గుడ్లకు వస్తుంది. అంతకాలం మేపిన గుంపులో పెట్టలు రెండే ఉన్నాయని తేలితే రైతుకు ఒక పునరుత్పత్తి కాలం మొత్తం పోయినట్లే.

పొదిగిన తొలిరోజున నమ్మదగిన పద్ధతి ఒక్కటే. అది అవస్కర పరీక్ష. పిల్లను ఎడమచేతిలో పట్టుకొని, మలాన్ని మెల్లగా విసర్జింపజేసి, మలద్వారపు అంచులను వెలుపలికి తెరచి, లోపలి జననాంగపు బుడిపెలను ప్రకాశవంతమైన కాంతిలో పరిశీలిస్తారు. పుంజు పిల్లలో గుండ్రంగా, గట్టిగా, మెరుపుతో ఉన్న రెండు బుడిపెలు కనిపిస్తాయి. పెట్టలో అవి చదునుగా, మెత్తగా ఉంటాయి. కోడిపిల్లలలో ఈ పద్ధతిని రూపొందించిన జపాను శాస్త్రవేత్తలు మసుయి, హషిమోటో దానిని 1927లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభకు నివేదించారు. చదివి నేర్చుకోగల విద్య కాదిది. వేలకొలది పిల్లలను చూసిన కన్ను, చేయి కావాలి. అప్పటికి పొట్టలో పచ్చసొన సంచి ఇంకా ఉంటుంది కనుక అనుభవం లేనివారు గట్టిగా నొక్కితే పిల్ల చనిపోవచ్చు. రైతు శిక్షణ తరగతులలో దీనిని చూపవచ్చునే గాని, రైతుల చేత చేయించరాదని నా అభిప్రాయం.

కోలగా ఉన్న గుడ్డు నుండి పుంజు, గుండ్రని గుడ్డు నుండి పెట్ట వస్తాయన్న నమ్మకానికి ఆధారం లేదు. పక్షులలో పుంజుకు రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యు క్రోమోజోము ఉంటాయి. అనగా పిల్ల లింగాన్ని నిర్ణయించేది తల్లి అండమే. పెంకు ఆ తరువాత ఏర్పడుతుంది. కొన్ని కోడి జాతులలో రెక్కఈకల పొడవును బట్టి తొలిరోజే పుంజును, పెట్టను వేరు చేస్తారు. అందుకు లింగ సహలగ్న జన్యువు గల తల్లిదండ్రులను ప్రత్యేకించి జతకూర్చవలసి ఉంటుంది. కోళ్లలో చూసిన ఈ గుర్తును టర్కీ పిల్లలకు అన్వయించరాదు. ప్రయోగశాల సౌకర్యం ఉన్నచోట ఈక మొదలు నుండి డిఎన్ఏ తీసి, సిహెచ్‌డి1 జన్యువును పిసిఆర్ పద్ధతిలో పరీక్షించవచ్చు. పుంజులో ఒక పట్టీ, పెట్టలో రెండు పట్టీలు కనిపిస్తాయి. పరిశోధనకు ఇది ఎంతో ఉపయోగకరం. పెరటి రైతుకు మాత్రం అందుబాటులో లేనిది.

తొలి వారాలలో పొరపాట్లు ఎక్కువ. తోక పురివిప్పి, రెక్కలు నేలకు వాల్చి తిరిగే పిల్లను చూడగానే పుంజు అనుకుంటాము. పెట్టపిల్లలు సైతం అప్పుడప్పుడు అలా చేస్తాయి. ముక్కు మొదట ఉండే స్నూడ్ అనే కండ మొగ్గ రెండు లింగాలలోనూ ఉంటుంది. వయస్సుతో పాటు పుంజులో అది సాగి ముక్కు మీదుగా వేలాడుతుంది, పెట్టలో చిన్నదిగానే మిగులుతుంది. కొన్ని హేచరీలలో తొలిరోజే దీనిని తొలగిస్తారు కనుక, ఈ గుర్తును చూచే ముందు పిల్లలు ఎక్కడి నుండి వచ్చినవో విచారించాలి.

బ్రాడ్ బ్రెస్టెడ్ బ్రాంజ్ జాతిలో సుమారు 12 వారాలకు స్పష్టమైన గుర్తు దొరుకుతుంది. పెట్ట రొమ్ముపై నల్లని ఈకల కొసలు తెల్లగా ఉంటాయి, పుంజు ఈకలకు ఆ తెలుపు ఉండదు. బ్రాడ్ బ్రెస్టెడ్ వైట్, బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ వంటి తెల్లజాతులలో ఈ సౌలభ్యం లేదు. వాటిలో కాలి మందం, శరీర పరిమాణం, తల మెడలపై కండ బుడిపెల పెరుగుదల, తలపై సన్నని ఈకలు రాలిపోవడం అన్నింటినీ కలిపి చూడాలి. పెట్ట తలపై ఆ ఈకలు కొంతవరకు నిలిచి ఉంటాయి. రొమ్ముపై గడ్డం వలె వేలాడే నల్లని వెంట్రుకల కుచ్చు మరింత ఆలస్యంగా వస్తుంది. అది కొన్ని పెట్టలకూ ఉంటుంది కనుక దానిని ఒంటరి సాక్ష్యంగా తీసుకోరాదు.

ఇంతకాలం వేచి ఉంటే మేత విషయంలో నష్టం లేదా అని విద్యార్థులు అడగవచ్చు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994 సిఫారసుల ప్రకారం రెండు లింగాలకూ 4 వారాల వరకు 28 శాతం, 8 వారాల వరకు 26 శాతం, ఆపై 22 శాతం మాంసకృత్తులు అవసరం. 19 శాతం మేతకు పెట్టలు 11 వారాలకు, పుంజులు 12 వారాలకు మారుతాయి. అంటే ఈక గుర్తు కనబడే వయస్సు వరకు రెండింటినీ ఒకే మేతపై పెంచవచ్చు.

కనుక ఒక పుంజుకు ఐదు పెట్టలు కావాలనుకొన్న రైతు లింగం తెలియని ఆరు పిల్లలను కొనడం మంచిది కాదు. సరిగ్గా ఆ కూర్పు లభించే అవకాశం 64లో 6 మాత్రమే. 15 పిల్లలను కొంటే కనీసం ఐదు పెట్టలు, ఒక పుంజు లభించే అవకాశం సుమారు 94 శాతం. మరణాలను దృష్టిలో పెట్టుకొని మరికొన్ని కలుపుకోవాలి. మిగులు పుంజులను 16 వారాల తరువాత మాంసానికి అమ్ముకోవచ్చు. పిల్లలన్నీ ఒకే తల్లి గుడ్ల నుండి వచ్చినవైతే, జత కట్టించే పుంజును వేరే చోటి నుండి తెచ్చుకోవలసి ఉంటుంది.